భూకంపములకు లెక్క వ్రాసిన ఓల్డుహాము

తుపానును, అగ్నిభయమును, కాటకమును ఎరిగినంతగా భూకంపమును గుంటూరు, ఒంగోలు సీమలవారు ఎరుగరు. పత్తి చేలకు పురుగు, మిరప తోటలకు తెగులు, కల్లములో కాయలు ఆరబోసిన వేళకు వాన, ఇవియే ఈ భూముల భయములు. అయినను 1967వ సంవత్సరము మార్చి 27వ తేదీన ఒంగోలు ప్రాంతమున భూమి కంపించెను. అప్పటికి ఒంగోలు గుంటూరు జిల్లాలోనిదే. ప్రకాశము జిల్లా ఇంకను ఏర్పడలేదు. ఆ కంపము పరిమాణము 5.4 అని శాస్త్రజ్ఞులు నిర్ణయించిరి. మరల 2024వ సంవత్సరము డిసెంబరులో ప్రకాశము జిల్లా ముండ్లమూరు, తాళ్ళూరు మండలములందు వరుసగా కొన్ని దినములు నేల స్వల్పముగా అదరెను. అట్టి వేళలందు జనులు అడుగు ప్రశ్న ఒక్కటియే. మరల ఎప్పుడు వచ్చును? దీనికి నేటికిని ఉత్తరము చెప్పగలవారు లేరు. కాని దీని ప్రక్కనే మరియొక ప్రశ్న కలదు. వచ్చినచో ఏ యిల్లు పడును, ఏ యిల్లు నిలుచును, నూటికి ఎన్ని పడును? ఇది లెక్కకు అందు విషయము. ఆ లెక్కకు కావలసిన పద్దులను ఈ దేశమున క్రమముగా వ్రాసిపెట్టినవారు తండ్రి కొడుకులు ఇద్దరు. వారిలో కుమారుడే రిచర్డు డిక్సను ఓల్డుహాము.

ఓల్డుహాముల కుటుంబము ఐర్లాండు దేశమునకు చెందినది. తండ్రి తామసు ఓల్డుహాము 1816వ సంవత్సరమున డబ్లిను నగరమున జన్మించెను. అచ్చటి ట్రినిటీ కళాశాలలో భూగర్భశాస్త్రాచార్యుడుగా నుండి, 1851లో కలకత్తాకు వచ్చి భారతదేశపు భూగర్భ పరిశోధన శాఖకు అధిపతి యయ్యెను. ఈ దేశపు బొగ్గుగనులను, శిలలను గూర్చి క్రమముగా పటములు వ్రాయించుట ఆయన కాలమున సాగెను. పాతికేండ్లు ఆ పదవిలో నుండి 1876లో స్వదేశమునకు మరలిపోయెను.

రిచర్డు 1858 జూలై 31వ తేదీన డబ్లినులోనే జన్మించెను. రగ్బీ పాఠశాలయందును, లండనులోని రాయల్ స్కూల్ ఆఫ్ మైన్సు అను గనుల విద్యాలయమునందును చదివెను. 1878 జూలైలో తండ్రి మరణించెను. మరుసటి సంవత్సరమే, ఇరువది యొకటవ యేట, కొడుకు తండ్రి ఏలిన శాఖలోనే చిన్న యుద్యోగిగా చేరెను. పూర్వము మన గ్రామములలో తండ్రి చేతి కవిలె కట్టను కొడుకు అందుకొనుట వాడుకయే గదా. ఓల్డుహాము అందుకొన్నదియు ఒక విధమైన కవిలె కట్టయే.

ఆ కట్టలో ఏమున్నదో తెలియుటకు డబ్లినులోనే యుండిన మరియొకరిని తలపవలెను. రాబర్టు మాలెట్టు అను నాతడు ఆ నగరమున ఇనుప కార్ఖానా నడుపుచుండిన ఇంజనీరు. 1857 డిసెంబరు 16వ తేదీన ఇటలీలోని నేపుల్సు రాజ్యమున గొప్ప భూకంపము రాగా, ఆయన అచ్చటికి పోయి శిథిలమైన ఊళ్ళలో తిరుగుచు, ఏ గోడ ఏ వైపునకు ఒరిగెను, పగులు ఏ వాలుగా పోయెను అని ఒక్కొక్క కట్టడమును పరీక్షించెను. పడిన ఇల్లు సాక్షి యని, దానిని అడుగవలసిన విధముగా అడిగినచో నిజము చెప్పుననియు ఆయన మతము. ఆయన తన కుమారునితో కలిసి లోకమునందలి భూకంపముల పట్టిక నొకదానిని గూడ కూర్చెను. మరియొక కుమారుడు భారతదేశమునకు వచ్చి తామసు ఓల్డుహాము శాఖలోనే ఉద్యోగము చేసెను. కావున డబ్లినులో పుట్టిన ఈ విద్య కలకత్తాకు రెండు ఇండ్ల మీదుగా వచ్చినదని చెప్పవచ్చును.

1869 జనవరి 10వ తేదీన అస్సాములోని కచారు ప్రాంతమున భూకంపము కలిగెను. తామసు ఓల్డుహాము దానిని గూర్చి విషయములు సేకరించుటయే గాక, ఈ దేశమున అంతకు పూర్వము వచ్చిన కంపములన్నిటిని పాత గ్రంథముల నుండియు, పత్రికల నుండియు, కచ్చేరీ కాగితముల నుండియు ఏరి, 1869వ సంవత్సరాంతము వరకు ఒక పట్టిక కట్టెను. ఆ పని ముగియక మునుపే ఆయన కాలము ముగిసెను. కొడుకు ఆ కాగితములను సవరించి, కచారు వృత్తాంతమును 1882లోను, పట్టికను 1883లోను తండ్రి పేరు మీదనే అచ్చు వేయించెను. కాగితములు సరిచేయుటకు తానెంత శ్రమపడినను పేరు తండ్రిదే. ఈ ఒక్క విషయము చాలును, ఆయన స్వభావము తెలియుటకు.

భూకంపముల పట్టిక యనగా నేమి? తేదీ, ఊరు, వేళ, ఎంత గట్టిగా కదిలెను, ఏమి పడెను. చూచుటకు ఎండు పద్దుల వలె నుండును. కాని యిది లేనిదే ఎన్ని యేండ్లకు ఒకసారి అను మాటయే పుట్టదు. వానల లెక్క వ్రాయని సీమలో కరవు ఎన్నేండ్లకు వచ్చునో చెప్పువాడు లేనట్లే యిదియును. అయితే ఇట్టి పట్టికలో ఒక లోపము తప్పదు. వ్రాయగలవారు ఉన్నచోట కదలిన నేల పుస్తకమున కెక్కినది. వ్రాయువారు లేని అడవిలో కదలినది ఎక్కలేదు. దండు విడిసిన ఊరికి, కలెక్టరు కచ్చేరీ ఉన్న ఊరికి పద్దులు ఎక్కువ. మెట్ట పల్లెలకు పద్దులు లేవు. పద్దు లేనంత మాత్రమున నేల నిలుకడగా నుండెనని అనుకొనరాదు. నేడు గణాంక శాస్త్రజ్ఞులు పాత పట్టికలను వాడుకొనునప్పుడు మొదట చూచునది ఇదియే. ఏ సంవత్సరము నుండి ఏ సీమలో పట్టిక నమ్మదగినదో తేల్చుకొని గాని వారు లెక్కకు దిగరు.

తండ్రి పట్టిక అచ్చగుచుండగనే కొడుకునకు సొంత పరీక్ష యొకటి వచ్చెను. 1881 డిసెంబరు 31వ తేదీ ఉదయమున కారు నికోబారు ద్వీపమునకు సమీపమున సముద్ర గర్భమున భూకంపము కలిగి, మద్రాసు తీరమంతట నేల కదలెను. సముద్రము కొద్దిగా పొంగి, తీరమునందలి ఆటుపోటుల కొలతయంత్రములు ఆ పొంగును కాగితముపై గీసిపెట్టినవి. అట్టి యంత్రములలో ఒకటి మన విశాఖపట్టణమున నుండెను. ఓల్డుహాము ఆ వేళలను, అలల గీతలను సరిపోల్చి 1884లో ఒక వ్యాసము ప్రకటించెను. 2004 డిసెంబరు 26వ తేదీన ఉప్పెన ప్రకాశము జిల్లా తీరమును తాకుటకు మునుపే, ఆ నూటయిరువది యేండ్ల నాటి గీతలను శాస్త్రజ్ఞులు మరల వెలికి తీసి చూచిరి.

తరువాత పదునైదేండ్లు ఆయన హిమాలయములందును, ఇతర సీమలందును శిలలను పరిశీలించుచు గడపెను. భారత భూగర్భశాస్త్రమునకు ప్రామాణికమైన గ్రంథమును తిరుగవ్రాసి 1893లో రెండవ కూర్పుగా వెలువరించెను. ఇవన్నియు గొప్ప పనులే గాని, ఆయన పేరు నిలిపినది 1897వ సంవత్సరము.

ఆ యేడు జూన్ 12వ తేదీ, శనివారము. సాయంకాలము అయిదుంబావు వేళ అస్సాము కదలెను. విక్టోరియా రాణి వజ్రోత్సవములకు ఇంక పది దినములు మాత్రమే ఉండెను. షిల్లాంగు, గౌహతి, సిల్హెట్టు మొదలగు చోట్ల రాతి కట్టడములు నేలమట్టమయ్యెను. సుమారు లక్షన్నర చదరపు మైళ్ళ మేర కట్టడములకు హాని కలిగెను. కదలిక తెలిసిన ప్రదేశము పదునేడున్నర లక్షల చదరపు మైళ్ళు. కలకత్తా మేడలు సైతము బీటలు వారెను. నేటి లెక్కను బట్టి దాని పరిమాణము 8కి పైన. ఇంతటి ఉత్పాతమున మృతులు సుమారు 1,500 మంది. జనులు ఆ వేళ ఆరుబయట నుండుట చేతనే ఇంత తక్కువతో పోయెను. అర్ధరాత్రి వచ్చియుండినచో ఆ సంఖ్య ఎంతకు పెరిగెడిదో ఊహకు అందదు.

ఓల్డుహామును, ఆయన సహోద్యోగులను ఆ సీమలలో తిరిగి నిజము తేల్చుటకు శాఖ నియోగించెను. పని రెండు విధములుగా సాగెను. ఒకటి, స్వయముగా పోయి చూచుట. రెండవది, దేశమంతట నున్న కలెక్టర్లకు, రైలు స్టేషను మాస్టర్లకు, తంతి కచ్చేరీలకు, తోటల దొరలకు ఉత్తరములు వ్రాసి సమాధానములు రప్పించుట. వేళల విషయమున పెద్ద చిక్కు వచ్చెను. ఆ కాలమున రైళ్ళును, తంతి కచ్చేరీలును మద్రాసు నక్షత్రశాల కాలమును అనుసరించుచుండగా, ఊళ్ళు తమ తమ స్థానిక కాలమును అనుసరించుచుండెను. పైగా గడియారములు ఎవరి యిచ్చ వచ్చినట్లు వారివి. ఓల్డుహాము ఏ గడియారము ఎంతవరకు నమ్మదగినదో విచారించి, నమ్మరాని వానిని ప్రక్కకు పెట్టెను. వచ్చిన ప్రతి కాగితమునకు ఒకే విలువ కట్టకుండుట లెక్కలలో మొదటి నీతి. ఇది ఎంతమంది పాటింతురో పాఠకులే ఎరుగుదురు.

ఆ కాగితములన్నిటి నుండి ఆయన దేశపటముపై ఆరు గీతలు గీచెను. మొదటి గీత లోపల ఇటుక, రాతి కట్టడములు దాదాపు అన్నియు కూలినవి. రెండవ దానిలో అట్టి కట్టడములన్నిటికి హాని కలిగెను, కొన్ని పూర్తిగా పడెను. మూడవ దానిలో ఇటుక కట్టడములన్నియు గాని, ఇంచుమించు అన్నియు గాని దెబ్బ తినెను. నాల్గవ దానిలో అందరికి కదలిక తెలిసి, సామానులు కదలెను గాని ఇటుక కట్టడములలో దెబ్బ తిన్నవి ఏ కొన్నియో. అయిదవ దానిలో హాని లేదు, సామాన్యముగా జనులకు తెలిసెను. ఆరవ దానిలో కూర్చుండియో పండుకొనియో యుండిన కొద్దిమందికి మాత్రమే తెలిసెను.

ఈ ఆరు మెట్లను నిదానముగా చూచినచో ఒక సంగతి బోధపడును. అన్నియు, ఇంచుమించు అన్నియు, కొన్ని, ఏవియు లేవు, ఈ మాటలన్నియు భాగములను తెలుపు మాటలే. పూర్వము పంటను రూపాయికి ఇన్ని అణాలని అంచనా కట్టు పద్ధతి మన పల్లెలలో నుండెను గదా. పదునారణాల పంట యనగా నిండు పంట, నాలుగణాల పంట యనగా కరవు. ఓల్డుహాము గీచిన గీతలును అట్టివే. ఫలానా మేడ పడెను అని కాక, అట్టి మేడలలో ఎంత భాగము పడెను అని ఆయన అడిగెను. పత్రికలు పడిన మేడను గూర్చి మాత్రమే వ్రాయును. నిలిచిన మేడ వార్త కాదు. కాని నిలిచిన వానిని లెక్కింపనిదే పడినవి ఎంత భాగమో తెలియదు. పోయిన చేలను మాత్రమే ఎక్కించి పండిన చేలను వదలిన అడంగలు జమాబందీలో ఒక్క నిముసమైనను నిలువదు.

నిలిచినవి ఎంత ముఖ్యమో తెలియుటకు ఆయన సమాధులపై నున్న స్తంభములతో చేసిన పని మంచి దృష్టాంతము. రోకలిని పీటపై నిలువుగా నిలిపి పీటను కొంచెము జరిపినచో రోకలి పడును. రోలు పడదు. సన్నని పొడుగు వస్తువు స్వల్పమైన కుదుపునకే పడును, పొట్టి లావు వస్తువునకు గట్టి కుదుపు కావలెను. ఎత్తులో అయిదవ వంతు వెడల్పుగల స్తంభము పడుటకు, వస్తువులను క్రిందికి లాగు భూమ్యాకర్షణ వేగవృద్ధిలో సుమారు అయిదవ వంతు వేగవృద్ధి నేలకు కలుగవలెను. కనుక ఒక శ్మశానవాటికలో పడిన స్తంభములలో అన్నింటికంటె లావైనది, నేల కనీసము ఎంత కుదిపెనో తెలుపును. నిలిచిన వానిలో అన్నింటికంటె సన్ననిది, అంతకు మించి కుదుపలేదని తెలుపును. పడినది ఒక హద్దు, నిలిచినది మరియొక హద్దు. రెంటి నడుమ నిజముండును. యంత్రములు లేని ఊళ్ళలో ఇట్లు ఆయన శిలలనే యంత్రములుగా చేసికొనెను. ఇది స్థూలమైన లెక్కయే. నేల కుదుపు ఎంతసేపు నిలుచునో దీనిలో చేరదు.

ఛాతకు అను ఊరిలో ఇంగ్లిసు అను వర్తకుని జ్ఞాపకార్థము కట్టిన ఎత్తైన కూచిస్తంభము ఉండెను. దాని పైభాగము ముక్కలై పడెను. నడిమి భాగము పడక, అడుగు భాగముపై మెలి తిరిగి నిలిచెను. ఆయన దాని చిత్రమును తన గ్రంథమున చేర్చెను. ఆ గ్రంథమును చూచినవారు తక్కినవి మరచినను ఆ మెలి తిరిగిన స్తంభమును మరువరు. కొన్ని చోట్ల నేలలో పాతుకొని యున్న బండరాళ్ళు తమ గుంటలనుండి పైకెగిరి అవతల పడియుండెను. గుంట అంచులు చెదరలేదు. నేల పైకి కుదిపిన వేగవృద్ధి భూమ్యాకర్షణను మించినదని దాని వలన ఆయన గ్రహించెను. తోటి శాస్త్రజ్ఞులు దీనిని వెంటనే నమ్మలేదు. యంత్రములు పెరిగిన పిమ్మట అట్టి కుదుపులు ఇతర దేశములందు నమోదయ్యెను.

అన్నిటికంటె మనకు పనికివచ్చునది షిల్లాంగు వృత్తాంతము. ఆ కొండ మీది పట్టణమున మూడు విధముల ఇండ్లు ప్రక్కప్రక్కనే ఉండెను. సర్కారు కచ్చేరీలు, దేవాలయము మొదలగు రాతి కట్టడములు ఒక విధము. కొయ్య చట్రమునకు రెల్లు తడికలు కట్టి, పైన మెత్తిన ఇండ్లు రెండవ విధము. వీనిని అచ్చట ఇక్ర ఇండ్లందురు. కొయ్య చట్రమునకు పలకలు కొట్టి, నేలలో పాతక పైననే నిలిపిన ఇండ్లు మూడవ విధము. అదే నేల, అదే నిముసము, అదే కుదుపు. రాతివి అన్నియు నేలమట్టము. ఇక్రవి సుమారు సగము పాడయ్యెను. పలకల ఇండ్లకు ఏమియు కాలేదు. ధనము పోసి ఘనతకై కట్టినవి కూలి, చులకనగా చూడబడినవి నిలిచెను. తరువాత ఆ సీమలో తేలిక చట్రపు ఇండ్లు కట్టుట వాడుకయై, అస్సాము తరహా ఇల్లు అని పేరే ఏర్పడెను.

ఒకే కుదుపునకు ఒక్కొక్క తరగతి ఇండ్లలో నూటికి ఎన్ని పడును అను ఈ పద్దు, నేడు శాస్త్రజ్ఞులు కట్టడముల నష్ట సంభావ్యతను లెక్కించు పద్ధతికి పునాది వంటిది. తండ్రి పట్టిక ఎంత తరచుగా వచ్చును అను ప్రశ్నకు సంబంధించినది. కొడుకు గ్రంథము వచ్చినచో ఎన్ని పడును అను ప్రశ్నకు సంబంధించినది. ఈ రెండును కలిసిన గాని ప్రమాదమెంతయో తేలదు. వీనిలో మొదటి దానిని సంభావ్యతా గణితముతో బిగించిన వ్యాసమును 1968లో కార్నెలు అను అమెరికా పండితుడు ప్రకటించెను. కుదుపు మెట్టునకును ఇంటి తరగతికిని పొంతన కట్టి, ఏ తరగతి ఇండ్లు నూటికెన్ని ఏ మేరకు దెబ్బతినునో గడులలో చూపు పట్టికలు తరువాతి అయిదారేండ్లలో ఆ దేశముననే వాడుకకు వచ్చెను.

ఈ లెక్క ఎట్టిదో ఉదాహరణకు ఒక ఊరిని ఊహించి చూడవచ్చును. ఊరిలో నూరు మట్టి అడుసుతో కట్టిన రాతిగోడల ఇండ్లు ఉన్నవనుకొందము. నూటికి ఇరువది ఇండ్లను పాడుచేయగల కుదుపు సగటున నూరేండ్లకు ఒకసారి వచ్చుననుకొందము. అప్పుడు ఏడాదికి సగటు నష్టము ఇంటిలో అయిదవ వంతు. ఏబదియేండ్లకు పది యిండ్లు. అట్లని ఏటేటా అయిదవ వంతు ఇల్లు కూలదు. తొంబది తొమ్మిదేండ్లు ఏమియు కాక, ఒక్క నాడు ఇరువది ఇండ్లు కూలవచ్చును. నూరేండ్లకు ఒకసారి యనగా నిన్న వచ్చినది కనుక ఇక నూరేండ్లు రాదనియు కాదు. ఏబదియేండ్లలో ఒక్కసారియైనను వచ్చుటకు నూటికి సుమారు నలువది పాళ్ళు అవకాశము కలదని గణితము చెప్పును. సగము గదా, ఏబది పాళ్ళు కావలెను గదా యని తోచును. కాని ఆ ఏబదియేండ్లలోనే రెండుసార్లు వచ్చు సందర్భములు గూడ ఉన్నందున అట్లు కాదు. ఆ నూరిండ్లకే గోడలను చుట్టి ఒక పట్టీ వేసి, నష్టమును ఇరువది నుండి అయిదునకు దించినచో, సగటు నష్టము నాలుగవ వంతునకు తగ్గును. కుదుపు తగ్గలేదు, దాని రాకడ తగ్గలేదు. ఇల్లు మారినది.

ఓల్డుహాము లెక్కించిన ఈ సంగతిని పెడచెవిని పెట్టినచోట ఫలము ఎట్లుండునో దక్కనులోనే చూచితిమి. 1993 సెప్టెంబరు 30వ తేదీ తెల్లవారుజామున మహారాష్ట్రలోని కిల్లారి ప్రాంతమున 6.2 పరిమాణపు కంపము వచ్చి తొమ్మిదివేలకు పైగా జనులు మరణించిరి. పరిమాణమున అస్సాము కంపముతో పోల్చదగినది కాదు. ఆ సీమ అప్పటి ప్రభుత్వ పటమున అన్నిటికంటె తక్కువ ప్రమాద మండలములో నుండెను. కాని గోడలు మట్టి అడుసుతో పేర్చిన గుండ్రాళ్ళవి, పైన బరువైన మట్టి మిద్దెలు, జనులు నిద్రలో నుండిరి. అందుకు ప్రతిగా మంచి దృష్టాంతమును ఒకటి చెప్పవలెను. బలూచిస్థానమున 1931లో వచ్చిన కంపము తరువాత ఎస్. ఎల్. కుమారు అను రైల్వే ఇంజనీరు క్వెట్టాలో కదలికకు తట్టుకొను విధముగా కొన్ని క్వార్టర్లు కట్టించెను. 1935 మే 31వ తేదీన ఆ పట్టణము సర్వనాశనము కాగా ఆ యిండ్లు నిలిచెను. ఓల్డుహాము అప్పటికి సజీవుడే.

1997లో కేంద్ర ప్రభుత్వపు గృహనిర్మాణ సామగ్రి మండలి దేశములోని జిల్లాలన్నిటికి ఒక పటముల సంపుటమును ప్రకటించెను. జనాభా లెక్కల నుండి ఏ జిల్లాలో మట్టిగోడల ఇండ్లు ఎన్ని, రాతివి ఎన్ని, కాల్చిన ఇటుకవి ఎన్ని, కాంక్రీటువి ఎన్ని అను సంఖ్యలను తీసికొని, వాని కెదురుగా ఆ జిల్లాలో రాదగిన కుదుపునకు ఏ తరగతి ఎంత ప్రమాదమున నున్నదో చూపిరి. 2006లోను, 2019లోను దానిని సవరించిరి. గుంటూరు, ప్రకాశము జిల్లాల పుటలును దానిలో నున్నవి. 2002 నాటి మండలముల పటము గుంటూరు, ఒంగోలు పట్టణములను మూడవ మండలమున చేర్చినది. ఆ మండలమున మట్టి, రాతి గోడల ఇండ్లకు మధ్యమ ప్రమాదమనియు, కాల్చిన ఇటుక గోడలకు తక్కువ యనియు, సరిగా కట్టిన కాంక్రీటునకు మిక్కిలి తక్కువ యనియు దాని సారాంశము. సరిగా కట్టిన అను మాటను ఇచ్చట మరువరాదు. క్రింద దుకాణములకై గోడలు తీసివేసి సన్నని స్తంభములపై నిలిపిన మేడలు పట్టణములలో పెరిగినవి. వానిని కాంక్రీటు తరగతిలో కలిపి ధైర్యము చెప్పుకొనుట లెక్కను మోసగించుట.

షిల్లాంగు లెక్కను చూచి మరల తాటాకు ఇండ్లకు పోవలెనా యని కొందరు అడుగవచ్చును. అట్లు కాదు. తేలిక కప్పు భూకంపమునకు మంచిదే, కాని గాలికిని, నిప్పునకును కాదు. 1977 నవంబరు 19వ తేదీ నాటి తుపానున కృష్ణా, గుంటూరు తీరములలో పదివేలకు పైగా జనులు మరణించిరి. ఆ రాత్రి పూరిపాక ఎవరినేమి కాపాడెను? మిరపకాయలు నిలువచేసిన వేసవిలో ఒక నిప్పురవ్వ వాడనంతటిని బూడిద చేయుటయు మన సీమవారెరిగినదే. కనుక ఈ భూములలో ఇంటికి మూడు శత్రువులు. మూటికిని వేరువేరుగా లెక్క కట్టి, ఎక్కువ తరచుగా వచ్చుదానికి ఎక్కువ విలువ నిచ్చి ఇల్లు కట్టుకొనవలెను. గోడ రెండు ముఖములను కలుపుచు నడుమ నడుమ పొడుగు రాళ్ళు వేయుట, మూలలను ఒకదానితో నొకటి కట్టుట, కిటికీల పై మట్టమున గోడలన్నిటిని చుట్టి కాంక్రీటు పట్టీ పోయుట, ఇవి గాలికిని, కుదుపునకును ఏకకాలమున పనికివచ్చు ఖర్చులు.

మరియొక సంగతి. రేగడి నేల వేసవిలో ముడుచుకొని బీటలిచ్చును, వానకు ఉబ్బును. దాని వలన పునాది కదలి గోడలు ఏటేటా పగులుచుండును. స్వల్ప కంపము వచ్చిన మరునాడు ఆ పాత పగుళ్ళన్నియు భూకంపము పద్దున వ్రాయింపబడుట సామాన్యము. అట్లు చేర్చిన పద్దులతో కట్టిన సంభావ్యత అబద్ధమగును. ఓల్డుహాము అస్సాములో నదుల గట్లు జారుటను, ఇసుక ఉబికి బావులు పూడుటను, కట్టడముల హానిని వేరువేరుగా వ్రాసెను. మెత్తని ఒండ్రునేల గట్టినేల కంటె ఎక్కువ ఊగునన్న విషయము నేడు లెక్కలలో ప్రత్యేకముగా చేర్చబడుచున్నది. కృష్ణా నదీముఖపు ఊళ్ళకును, పల్నాటి రాతినేల ఊళ్ళకును ఒకే సంఖ్య వేయరు.

1897 భూకంపపు గ్రంథము 1899లో వెలువడెను. దానితో ఆయన పని ముగియలేదు. ఆ కంపపు అదురు ఐరోపా యంత్రములలో నమోదై యుండెను. ఆ గీతలలో మొదట ఒక అల, దాని వెనుక మరియొకటి, అటుపిమ్మట పెద్ద అలలు వేరువేరుగా వచ్చుటను ఆయన కనిపెట్టి 1900లో ప్రకటించెను. 1903లో ఆరోగ్యము చెడి ఉద్యోగము విరమించి ఇంగ్లండు చేరెను. అచ్చట యంత్రముల గీతలను పరిశీలించుచు, దూరపు కంపముల రెండవ అల భూగోళమునకు అవతలి ప్రక్కకు వేళకు చేరకుండుటను చూచి, భూమి నడుమ వేరు స్వభావము గల గర్భమొకటి కలదని 1906లో నిరూపించెను. దాని వ్యాసార్ధము భూమి వ్యాసార్ధములో సుమారు పదింట నాలుగు వంతులని ఆయన కట్టెను. లోకమున ఆయన ప్రసిద్ధి దీని వలననే. 1908లో లైయెలు పతకము, 1911లో రాయల్ సొసైటీ సభ్యత్వము, 1920 నుండి రెండేండ్లు లండను భూగర్భశాస్త్ర సంఘాధ్యక్షత ఆయనకు లభించెను.

అరువది యెనిమిదవ యేట, 1926లో, ఆయన 1819 నాటి కచ్ఛ భూకంపమును గూర్చి వ్రాయుచు, అదే గ్రంథమున తన 1897 నాటి నిర్ణయములను గూడ మరల పరీక్షించి సవరించెను. ఎవరును అడుగకయే ముప్పది యేండ్ల నాటి సొంత లెక్కను తిరుగవేయువారు అరుదు. 1936 జూలై 15వ తేదీన వేల్సులోని లాండ్రిండాడు వెల్సు అను ఊరిలో ఆయన మరణించెను. ఆ సంవత్సరముననే డెన్మార్కు దేశపు ఇంగె లేమాను అను విదుషీమణి, ఆయన చూపిన భూగర్భము లోపల మరియొక చిన్న గర్భము కలదని ప్రకటించెను.

1897 కంపము ఏ పగులు వెంట పుట్టినదో ఆయన నాటికి తేలలేదు. 2001లో ఇద్దరు శాస్త్రజ్ఞులు పాత భూమి కొలతల లెక్కలను మరల వేసి, షిల్లాంగు పీఠభూమి ఉత్తరపు అంచు క్రింద లోతున ఒక పగులు కలదని తేల్చి, దానికి ఓల్డుహాము పగులని పేరు పెట్టిరి.